ఎట్టయపురంలో అచ్చయిన తెలుగు పుస్తకం

చరిత్ర అనగానే మనకి రాజులు, యుద్ధాలు గుర్తొస్తాయి. ఒక పాట వంద సంవత్సరాలు దాటి మన దాకా ఎలా వచ్చింది అనేది కూడా చరిత్రే. ఆ చరిత్రలో మన ప్రాంతానికి పెద్ద పాత్ర ఉంది.

కోవిల్‌పట్టికి తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఎట్టయపురం ఉంది. మన విరుదునగర్ వాళ్లకీ అది దూరమేం కాదు. 1882లో మహాకవి భారతియార్ పుట్టిన ఊరని అందరికీ తెలుసు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది కూడా ఆ ఊళ్ళోనే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ సంస్థానంలో విద్వాంసుడు. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ని తెచ్చినవారిగా ఆయన్నే చెప్తారు. ఆయన దౌహిత్రుడు, దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు (1839–1906).

ఆ రోజుల్లో కీర్తనలు గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరేవి. గురువు పోతే ఆయనతోపాటు కొన్ని పాటలూ పోయేవి. దీనికి బాధపడిన వారిలో ఒకరు ఎ. ఎం. చిన్నస్వామి మొదలియార్. ఆయన వృత్తి సంగీతం కాదు, మద్రాసు సెక్రటేరియట్‌లో సూపరింటెండెంట్ ఉద్యోగం. అయినా సొంత డబ్బు ఖర్చుపెట్టి, 1892 నుంచి మన కీర్తనల్ని యూరోపియన్ స్వరలిపిలో అచ్చువేయించారు. ఆ పని భారమైపోయింది, ఆరోగ్యం కూడా దెబ్బతింది. అప్పుడు ఆయన ఎట్టయపురం రాజాని కలిసి, సుబ్బరామ దీక్షితుల దగ్గరున్న విద్యనంతా పుస్తకంగా తెప్పించమని వేడుకున్నారు. కుటుంబంలో దాచుకున్న విద్యని బయటపెట్టడానికి దీక్షితులు మొదట సంకోచించారట. చివరికి ఒప్పుకున్నారు.

అలా 1904లో ఎట్టయపురం విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయింది. సుమారు 1700 పుటలు. భాష తెలుగు, లిపి కూడా తెలుగే. ఆ పుస్తకం చేతికి రాకముందే మొదలియార్ కన్నుమూశారు.

ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చింది గమకాల గుర్తులు. స రి గ మ అని రాసుకుంటే పాట ఎముకలు మాత్రమే వస్తాయి. స్వరాన్ని ఊపాలా, జార్చాలా, నొక్కాలా అనేది తెలియదు. అందుకని దీక్షితులు ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క గుర్తు పెట్టారు. కంపితానికి అలలాంటి గీత, జారుకి వాలుగీత. పైకి జారితే ‘ఏట్ర జారు’, కిందికి జారితే ‘ఇరక్క జారు’. ఏట్రం, ఇరక్కం తమిళ మాటలు! తెలుగు పుస్తకంలో తమిళ పేర్లు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మనకి ఇది కొత్తగా అనిపించదు.

ఇప్పుడు ఇదే పనిని కొందరు కంప్యూటర్‌లో చేస్తున్నారు. ఇంగ్లండులో క్రిస్ వాల్షా అనే గణిత శాస్త్రవేత్తకి జానపద సంగీతం వాయించడం ఇష్టం. విన్న పాటల్ని మామూలు అక్షరాలతో రాసుకోవడానికి ఆయన ఏబీసీ అనే పద్ధతి కనిపెట్టి, 1990ల మొదట్లో దానికి ప్రోగ్రామ్ రాసి తోటి వాద్యగాళ్లకి ఇచ్చారు. నెదర్లాండ్స్‌లో యువకుల ఆర్కెస్ట్రాలో కలుసుకున్న ఇద్దరు, ఒకరు హార్న్ ఊదేవారు, ఇంకొకరు వయోలా వాయించేవారు, 1996లో ‘లిలీపాండ్’ మొదలుపెట్టారు. స్వరాల్ని అక్షరాలుగా టైప్ చేస్తే అందమైన స్వరలిపి తయారవుతుంది. దీనిని ఎవరైనా డబ్బు ఇవ్వకుండా తీసుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడవచ్చు, మార్చి ఇంకొకరికి ఇవ్వవచ్చు. మన చెన్నైలోనే ఎం. సుబ్రహ్మణ్యన్ అనే ఆయన ‘గాయక’ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు. స రి గ మ అని టైప్ చేస్తే అది గమకాలతో వాయిస్తుంది.

చిన్నస్వామి మొదలియార్ ఉద్యోగం చేసుకుంటూ సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. వీళ్లు తీరిక వేళల్లో ప్రోగ్రాములు రాశారు. అచ్చు అక్షరం పోయి కంప్యూటర్ వచ్చింది, కానీ కోరిక ఒకటే. నాకు వచ్చింది నాతో ఆగిపోకూడదు, ఇంకొకరు వాయించాలి.

ఇక మన సంగతి. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. కానీ మా అమ్మకి తెలుగు చదవడం రాదు, తమిళంలోనే చదువుకుంది. మన స్కూల్లో చాలా ఇళ్లల్లో ఇంతే. ఎట్టయపురంలో అచ్చయిన ఈ పుస్తకాన్ని మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1961 నుంచి తమిళంలో ప్రచురించింది. అభిమానులు కొందరు కలిసి ఇంగ్లీషులోకి కూడా మార్చి ఉచితంగా ఇచ్చారు. ఇవన్నీ మంచి పనులే. అయితే దీక్షితులు రాసింది రాసినట్టు చదవాలంటే తెలుగు రావాలి. పుస్తకం పుట్టిన చోటికి ఇంత దగ్గరలో ఉండి, ఆ అక్షరాలు చదవగలిగే పిల్లలం మనమే.

రచయిత పోయి వందేళ్లు దాటింది కాబట్టి కాపీరైటు అడ్డు లేదు. మన కంప్యూటర్ గదిలో తెలుగు టైపు చేయడం నేర్పిస్తున్నారు. పరీక్షలు అయ్యాక వారానికి ఒక పేజీ చొప్పున టైపు చేసి, పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ ఉచితంగా ఇద్దామని నా ఆలోచన. సంగీతం నాకు అంతగా రాదు. చదవడం వచ్చు. ఈ పనికి ముందు కావలసింది అదే. మీలో ఎవరైనా కలుస్తారా?