తెగిన నరము మరల చిగుర్చునా?

మన హోసూరు సీమలో మూడు భాషలు కలిసి కాపురము చేయుచున్నవి. మనము నరము అందుము. తమిళ సోదరులు నరంబు అందురు. జూజువాడి సరిహద్దు దాటినచో కన్నడిగులు నర అందురు. మాట ఒక్కటే, దానిలోని తికమకయు ఒక్కటే. సూదిమందు వేయువారు "నరానికి ఎక్కించాలి" అన్నప్పుడు అది రక్తనాళము. మెడ పట్టి "నరం పట్టింది" అన్నప్పుడు అది కండరము. మణికట్టుపై త్రాడువలె పైకి తేలి కనబడునది కండరమును ఎముకకు కట్టియుంచు స్నాయుబంధము. మెదడు ఆజ్ఞను చేతికిని, చేతి స్పర్శను మెదడునకును చేరవేయు అసలైన నరము వీనిలో ఏదియు కాదు. పాఠ్యపుస్తకములు దానిని నాడి యనును. మనవారికి నాడి యనగా వైద్యుడు చేయి పట్టి చూచునది! ఆ అసలైన నరము తెల్లని దారమువలె లోపల దాగియుండును. అది తెగినను పైకి తెలియదు.

ఈ సంగతి నాకు తెలియవచ్చుటకు కారణము నా మేనల్లుడు. జూజువాడి దగ్గర ఒక చిన్న కార్ఖానాలో పనిచేయుచుండగా ఇనుపరేకు జారి అతని కుడి మణికట్టు కోసికొనిపోయినది. దగ్గరనున్న వైద్యశాలలో తోలు కుట్టి, కట్టు కట్టి పంపిరి. పది దినములలో పుండు మానినది, అందరమును సంతోషించితిమి. మూడు మాసములకు చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలును కొక్కెములవలె వంగినవి. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ కండ కరగి గుంట పడినది. "నరం తెగిందంట మామా, ఇంకంతే అంటున్నారు అందరూ" అని వాడు చేయి చూపినప్పుడు నా వద్ద సమాధానము లేకపోయెను.

"ఇంకంతే" అను మాట మన పల్లెలలో పుట్టినది కాదు. గ్రీకుల భాషలో సైతము స్నాయుబంధమునకును నరమునకును ఒక్కటే మాట. సుశ్రుతుడు దేహమునందు తొమ్మిదివందల స్నాయువులను లెక్కించి, ఎముక విరుగుటకంటె స్నాయువు చెడుట ప్రమాదకరమని హెచ్చరించెను. ఐరోపా వైద్యులు తెగిన నరమును ముట్టినచో ఈడ్పులు వచ్చునని శతాబ్దములపాటు భయపడిరి.

1850లో అగస్టస్ వాలర్ అను ఆంగ్లేయుడు కప్ప నాలుకకు పోవు నరములను కోసి పరీక్షించెను. మెదడునుండి విడివడిన తునక లోపల కరగిపోవునని ఆయన కనుగొనెను. మిగిలిన మొదటి భాగమునుండి క్రొత్త పోగులు మొలకలవలె పెరుగునని తరువాతివారు చూపిరి. స్పెయిను దేశపు కహాల్ ఆ మొలకల కొనలను చిత్రించి చూపినాడు. అనగా నరము అతుకుకొనదు, చిగుర్చును. ఖాళీయైన పాత గొట్టముల దారి దొరికినచో ఆ చిగురు గమ్యము చేరును. దొరకనిచో కోసినచోటనే ముడివడి బొడిపె కట్టును. కుట్టువాని పని ఆ దారిని ఎదురెదురుగా నిలుపుటయే. 1873లో హ్యూటర్ అను జర్మను వైద్యుడు నరముపై పొరను కుట్టు విధానమును వివరించెను.

చిగురు నడక మాత్రము బహు మెల్లన. దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు, నెలకు ఒక అంగుళము. గుమాస్తాగిరి చేసినవాడను గనుక ఇచ్చట లెక్క వేయక మానలేను. మణికట్టునుండి అరచేతి కండకు నాలుగంగుళములు, నాలుగైదు నెలలు. మోచేతినుండి పండ్రెండంగుళములు, ఒక సంవత్సరము. చంకనుండి ఇరువది నాలుగు, రెండు సంవత్సరములు. కాని ఆజ్ఞ రాని కండరము సంవత్సరము, మహా అయిన సంవత్సరమున్నర మాత్రమే కాచుకొనియుండును. తరువాత నరము వచ్చినను అది కదలదు. గాయము ఎంత పైనున్నదో అంత త్వరపడవలెనని ఈ లెక్క చెప్పుచున్నది.

రెండు మహాయుద్ధములు వైద్యులకు వేలకొలది తెగిన నరములను చూపినవి. నరము అదరి నిదురించుట, లోపలి పోగులు తెగుట, నరమే రెండు తునుకలగుట అని 1943లో సెడన్ అను ఆంగ్లేయుడు మూడు తరగతులు చేసెను. మొదటి రెండింటిలో తరచు కత్తి అవసరము రాదు.

నరము బాగుపడదని తేలినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు గొప్ప సమాధానమొకటి మనకు దగ్గరనే, కృష్ణగిరి, వాణియంబాడి, ఆంబూరు దాటినచో చేరు రాయవేలూరులో లభించినది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో కొల్లిమలలలో పుట్టినవాడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. చెంగల్పట్టు కుష్ఠు వైద్యశాలలో ఒక రోగి చేయి పట్టుకొనగా, వంకరపోయిన ఆ చేతి పట్టు తన చేతిని నొప్పించునంత బలముగా నుండెను. ముంజేతి కండరములు బాగుగనే యున్నవి, అరచేతి నరము మాత్రమే చచ్చినదని ఆయన గ్రహించినాడు. నరము బ్రతికియున్న కండరమొకదాని స్నాయుబంధమును తీసి, పనిలేని వ్రేళ్ళకు మార్చి కట్టు చికిత్సను 1948 నుండి కుష్ఠురోగుల చేతులకు చేయసాగెను. మన పల్లెలలో ఎద్దు చచ్చిన రైతునకు పొరుగువాడు తన ఎద్దును ఎరవిచ్చినట్లు!

వ్రేళ్ళు రోగమువలన కుళ్ళి రాలునను నమ్మికయు ఆయనవలననే సడలినది. తుప్పుపట్టిన తాళమును తాను తిప్పలేకపోగా ఒక పిల్లవాడు తిప్పెను. చూచినచో వాని వ్రేలు ఎముకవరకు కోసికొనిపోయియుండెను, వానికి తెలియనే లేదు. రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినను తెలియనివారుండిరి. కనుక ఇంటికి పోవువారి వెంట ఒక పిల్లిని పంపు ఏర్పాటు చేసిరట. నొప్పి తెలియకపోవుటయే వ్రేళ్ళను హరించుచున్నది. చేతులు బాగుపడిన కొందరు బిచ్చగాండ్రు, ఇక తమకు భిక్ష పడదని మొరపెట్టుకొనిరట! వారికి వడ్రంగము మొదలగు పనులు నేర్పుటకై నవజీవన కేంద్రము వెలసినది. 1955లో కరిగిరి పరిశోధనాలయము ఏర్పడెను.

తరువాతి మేలు సూక్ష్మదర్శినివలన కలిగినది. 1960 దశకమున శస్త్రవైద్యులు దాని క్రింద, తలవెంట్రుకకంటె సన్నని నైలాన్ దారముతో నరమును కుట్టసాగిరి. పూర్వము నరము చాలనిచో మోచేయి వంచి రెండు కొనలను లాగి కుట్టెడివారు. చేయి చాపగనే కుట్టు బిగిసి చెడెడిది. బిగువు కూడదనియు, మడమ ప్రక్కకు పోవు నరమునుండి తునక తీసి నడుమ పేర్చవలెననియు వియన్నాలో మిల్లెసి 1972లో స్థాపించెను. ఇచ్చిన చోట పాదము అంచున తిమ్మిరి మిగులును, అంతియే. 1994లో ఫ్రాన్సు దేశపు ఒబెర్లిన్, పనిచేయు నరమునుండి ఒక పాయను చీల్చి మోచేతిని వంచు కండరము దగ్గరనే కలిపెను. అంగుళముల లెక్కను తగ్గించు ఉపాయమిది. మోటారు సైకిలునుండి పడి భుజము నరములు తెగినవారికి కోయంబత్తూరు గంగా ఆసుపత్రివంటి చోట్ల ఇట్టి చికిత్సలు జరుగుచున్నవి.

నా మేనల్లుని చూచిన పెద్దాసుపత్రి వైద్యుడు బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఒక కాగితము పెట్టి లాగెను. బొటనవ్రేలి కొన వంచక వాడు దానిని పట్టలేకపోయెను. 1915లో ఫ్రొమాన్ అను ఫ్రెంచి వైద్యుడు వార్తాపత్రికతో చేసిన పరీక్ష అదియే. ప్రమాదము జరిగిన దినముననే చిటికెనవ్రేలి కొనను దూదితో తాకి చూచియుండినచో నాలుగు నెలలు పోయియుండెడివి కావు. కాలినుండి తీసిన తునకతో నరమును కలిపిరి. సంవత్సరము గడచునప్పటికి వాడు మరల స్పానరు పట్టినాడు. చొక్కా గుండీలు తానే పెట్టుకొనుచున్నాడు. చిటికెనవ్రేలి కొనకు మాత్రము స్పర్శ ఇంకను రాలేదు. టీ గ్లాసు అందుకొనునప్పుడు ముందు ఎడమచేతితో వేడి చూచుకొని, తరువాత కుడిచేతికి మార్చుకొనును.