విద్యార్థి వసతిగృహాలు – ఆస్తిపన్ను : న్యూహేవెన్ అనుభవం

విశ్వవిద్యాలయం నిర్మించిన వసతిగృహం విద్యాభవనమా, అద్దె తెచ్చే ఆస్తియా? అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో న్యూహేవెన్ నగరానికీ, అక్కడి యేల్ విశ్వవిద్యాలయానికీ మధ్య నడిచిన పన్ను వివాదానికి ఈ ప్రశ్నే మూలం.

యేల్ ఆస్తులకు పన్ను మినహాయింపు వలసపాలన కాలం నాటిది. అయితే 1834 నాటి చట్టం, ఆదాయమిచ్చే స్థిరాస్తి విషయంలో ఆ మినహాయింపునకు ఏటా 6,000 డాలర్ల పరిమితి విధించింది. గదుల అద్దె కూడా ఆదాయమేనన్న వాదనతో నగరం వసతిగృహాలపై పన్ను వేసింది. 1899లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఈ వాదనను తోసిపుచ్చింది. విద్యార్థుల నివాసం కళాశాల నిర్వహణలో అంతర్భాగమని తీర్పు సారాంశం.

విద్యాదృష్టితో ఈ తీర్పు సమంజసమే. కానీ దాని భారాన్ని మోసింది నగరవాసులు. స్థానికంగా ఆదాయపు పన్నుగానీ, అమ్మకపు పన్నుగానీ విధించే అధికారం అక్కడి నగరాలకు లేదు. ఆస్తిపన్నే వాటికి ప్రధానాధారం. అదే విద్యార్థి ప్రైవేటు ఇంట్లో అద్దెకుంటే ఆ ఇంటిపై నగరానికి పన్ను వస్తుంది. విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉంటే రాదు. రోడ్ల నిర్వహణ, అగ్నిమాపక సేవల అవసరం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఈ లోటును కొంత పూడ్చేందుకు 1978లో రాష్ట్రప్రభుత్వం పరిహార పథకం ప్రవేశపెట్టింది. 2021లో యేల్ ఆరేళ్లలో 13.5 కోట్ల డాలర్లు స్వచ్ఛందంగా చెల్లించేందుకు అంగీకరించింది. పన్ను నగరానికి చట్టం ఇచ్చిన హక్కు. స్వచ్ఛంద చెల్లింపు దాత ఇష్టం. 1899 తీర్పు తరువాత న్యూహేవెన్ హక్కుగా అడగలేనిదాన్ని ఒప్పందాల ద్వారా అడగవలసి వచ్చింది.