తోటివారి తోడ్పాటు (మానసిక ఆరోగ్యం)

మానసిక వ్యాధి నుండి కోలుకున్న లేదా కోలుకుంటున్న వ్యక్తి, అటువంటి బాధలోనే ఉన్న మరొకరికి తన అనుభవంతో అండగా నిలవడాన్ని తోటివారి తోడ్పాటు అంటారు. ఆంగ్లంలో దీనిని పీర్ సపోర్ట్ అని వ్యవహరిస్తారు. ఇది వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. అనుభవం ఒక్కటే చాలదు కనుక ఈ పనికి పూనుకొనేవారికి శిక్షణ ఇస్తారు.

చరిత్ర

18వ శతాబ్దం చివరలో పారిస్ సమీపంలోని బిసెత్ర్ ఆసుపత్రిలో జాన్ బాప్టిస్ట్ పుస్సిన్ కోలుకున్న రోగులను పరిచారకులుగా నియమించేవాడు. అతడు కూడా ఒకప్పుడు అక్కడే గండమాలకు చికిత్స పొందినవాడే. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ, తాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుగా నిలిచే పద్ధతిని వ్యాప్తి చేసింది. 1999లో జార్జియా రాష్ట్రం ఈ సేవకు ప్రభుత్వ వైద్య పథకం ద్వారా చెల్లింపులు ప్రారంభించింది.

శిక్షణ

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ విషయంపై శిక్షణ పుస్తకాలను ప్రచురించింది. శిక్షణలో సాధారణంగా ఈ అంశాలు ఉంటాయి:

* ఎదుటివారి మాటను అడ్డుపడకుండా, తప్పుపట్టకుండా వినడం.
* సొంత కథను అవసరమైనంత మేరకే చెప్పడం. "నేను ఇలా చేశాను" అనవచ్చు గాని "నీవూ ఇలాగే చేయాలి" అనకూడదు.
* మందులు మార్చమని గాని, మానమని గాని సలహా ఇవ్వకపోవడం.
* విన్న విషయాలను గోప్యంగా ఉంచడం. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఇతరుల సహాయం తీసుకోవడం.
* ఆత్మహత్య ఆలోచన ఉన్నదా అని సూటిగా అడగడం. అలా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.
* తన ఆరోగ్యం మళ్ళీ దెబ్బతినే సూచనలను గుర్తించడం.

ఈ నైపుణ్యాలను పాత్రలు ధరించి అభ్యాసం చేస్తారు. తరువాత కూడా అనుభవజ్ఞుల పర్యవేక్షణ అవసరం.

భారతదేశంలో

2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం కేంద్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో మానసిక వ్యాధిని అనుభవించినవారి తరఫున ఇద్దరు ప్రతినిధులు ఉండాలి. 2018లో మొదలైన అప్‌సైడ్స్ అనే అంతర్జాతీయ పరిశోధన జర్మనీ, ఉగాండా, టాంజానియా, ఇజ్రాయెల్‌లతో పాటు భారతదేశంలోనూ ఇటువంటి శిక్షణను పరీక్షించింది.

పల్నాడులో ప్రాధాన్యత

నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది. మాచర్ల నుండి గుంటూరులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి 100 కిలోమీటర్లకు పైగా దూరం. ఇటువంటి చోట్ల, చికిత్స మధ్యలో మానకుండా ధైర్యం చెప్పే తోటి మనిషి ఊరిలోనే ఉండడం ఎంతో మేలు. అయితే వైద్యుడు దూరంగా ఉన్నప్పుడే తోడ్పాటు ఇచ్చేవారు వైద్యుని పాత్ర వహించే ప్రమాదం కూడా ఎక్కువ. అందువలన తన హద్దును తెలుసుకోవడమే శిక్షణలో ముఖ్యమైన పాఠం.

మిరప, పత్తి పండించే ఈ ప్రాంతంలో పురుగుమందులు ఇళ్ళలో అందుబాటులో ఉంటాయి. ఆత్మహత్య ఆలోచన ఉన్న వ్యక్తికి అవి అందకుండా చేయమని కుటుంబ సభ్యులకు చెప్పడం, ఆ వ్యక్తిని ఒంటరిగా వదలకపోవడం, వెంటనే ఆసుపత్రికి చేర్చడం అవసరం. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవను 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి పొందవచ్చు.