దండచ్ఛత్రము (గొడుగుకర్ర)

నడచునపుడు ఊతకర్రగాను, వాన కురియునపుడు గొడుగుగాను ఉపయోగపడునట్లు నిర్మింపబడిన సాధనమునకు దండచ్ఛత్రమని పేరు. వాడుకలో దీనిని గొడుగుకర్ర యందురు. వంకీపిడి గల పొడుగు గొడుగును కర్రవలె ఊనుకొని నడచుట ఎల్లెడల నున్నదే యైనను, అట్టి గొడుగులన్నియు ఈ శీర్షిక క్రిందికి రావు. చూచువారికి కర్రయని తోచుచు, మీట నొక్కినపుడో ఒర నూడదీసినపుడో గొడుగై విచ్చుకొనునదియు, గొడుగే యైనను మనుష్యుని బరువు నాపగల దార్ఢ్యముతో మలచబడినదియు మాత్రమే యిందు వివరింపబడును. కర్రకు కావలసినది బిగువు. గొడుగునకు కావలసినది తేలిక. ఈ రెండింటిని ఒక్క కామలో ఇముడ్చుటకు జరిగిన యత్నములే దీని చరిత్ర.

భారతీయ వాఙ్మయమున కర్రయు గొడుగును చిరకాలపు జంట. సమావర్తనమున స్నాతకుడు గొడుగును, పాదరక్షలను, వెదురుకర్రను ధరింపవలెనని గృహ్యసూత్రములు విధించినవి. వామనమూర్తి బలిచక్రవర్తి యజ్ఞవాటికకు దండమును, ఛత్రమును, కమండలువును దాల్చియే వచ్చెను. గొడుగు పుట్టుకను గూర్చి మహాభారతమున ఆనుశాసనిక పర్వములో భీష్ముడు ధర్మరాజునకు ఒక కథ చెప్పును. జమదగ్ని వినోదార్థమై బాణములు విడుచుచుండగా, వానిని ఏరి తెచ్చుచున్న రేణుక మండుటెండకు తాళలేక చెట్టునీడను నిలిచి జాగు చేసెననియు, ముని యాగ్రహించి సూర్యునిపైననే బాణ మెక్కుపెట్టగా, ఆయన బ్రాహ్మణరూపమున వచ్చి గొడుగును పాదరక్షలను ఇచ్చి శాంతింపజేసెననియు అందు గలదు. ఆ దానములో కర్ర లేదు. రాజులకు వెల్లగొడుగు ప్రభుత్వచిహ్నము. దానిని పట్టుటకు వేరొక సేవకు డుండెను గావున, మడచుకొని చేత బట్టుకొను నవసరము వారికి కలుగలేదు. తెలుగువారి వివాహములలో కాశీయాత్రకు బయలుదేరు వరుడు నేటికిని పావుకోళ్లు తొడిగి, ఒక చేత కర్రను, వేరొక చేత గొడుగును పట్టును; వధువు సోదరుడు వచ్చి బతిమాలి వెనుకకు మరల్చునప్పటికి పాపము అతని రెండు చేతులును నిండియే యుండును.

కీళ్లతో ముడుచుకొను గొడుగు చీనాదేశమున మిక్కిలి ప్రాచీనము, క్రీ. శ. 21లో వాంగ్ మాంగ్ చక్రవర్తి ఉత్సవరథమునకు అట్టిది అమర్చబడినది. గ్రీకు, రోమను స్త్రీలు ఎండగొడుగులు వాడిరి. తరువాత పెక్కు శతాబ్దములు ఐరోపాలో సామాన్యులకు గొడుగుతో పరిచయమే లేకుండెను. 1608లో ఇటలీ యందు సంచరించిన థామస్ కోర్యట్ అను ఆంగ్లేయుడు అచ్చటివారు గొడుగులు పట్టుటను ఒక వింతగా తన గ్రంథమున వర్ణించెను.

దండచ్ఛత్రమునకు జన్మస్థానము పారిస్ నగరమని చెప్పవచ్చును. ఆ నగరమున సంచులు కుట్టు వృత్తిలో నుండిన జాన్ మారియస్ అను చతురుడు ముడుచుకొను గొడుగు నొకదానిని కల్పించి, 1710లో పదునాలుగవ లూయీ రాజువలన దానిని చేసి యమ్ముటకు ఐదేండ్ల యేకస్వము పొందెను. ఇతడు దానికి పదేండ్లు ముందే, ప్రయాణమున వెంట గొనిపోవుటకు వీలుగా మడతబడు హార్ప్సికార్డు వాద్యమును చేసినవాడు. ఏ వస్తువును చూచినను దానిని మడచుట యెట్లని యోచించు బుద్ధి ఆయనది కాబోలు. మారియస్ గొడుగు చిన్నదై వెంట గొనిపోవుటకు అనువైనదేగాని, దానికి కర్రతో సంబంధము లేదు. ఆ సంబంధమును కల్పించినవాడు నవార్. ఈయన 1759లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఎదుట కర్రయు గొడుగును ఏకమైన నిర్మాణము నొకదానిని ప్రదర్శించెను. కర్ర ప్రక్కనున్న చిన్న మీటను నొక్కినంతనే గొడుగు తెరచుకొనెడిది. ఈనాటి స్ప్రింగు గొడుగును చూచి మనము ఆశ్చర్యపడము గాని, రెండు చేతులతో గొడుగును పైకి నెట్టి తెరచుకొనుచుండిన ఆ కాలమున ఇది ప్రశంసనీయమైన కల్పన.

ఆనాటి పారిస్‌లో గొడుగు ఎంతగా వ్యాపించియుండెనో తెలుపు ఆధారములు కొన్ని గలవు. తరువాత క్విబెక్ యుద్ధమున ప్రసిద్ధికెక్కిన జేమ్స్ వుల్ఫ్ 1752లో ఆ నగరమునుండి వ్రాసిన లేఖలో, అచ్చటి జనులు ఎండకును వానకును గొడుగులు పట్టుచున్నారనియు, ఇంత యుపయోగకరమైన అలవాటు ఇంగ్లండులో ఏల లేదో తెలియకున్నదనియు ఆశ్చర్యపడెను. 1769లో అచ్చట గొడుగులను అద్దె కిచ్చు సంస్థయే యేర్పడినది.

అయినను నవార్ కల్పన వంటివి జనసామాన్యమునకు చేరకపోవుటకు కారణము నాటి సామగ్రి. గొడుగు ఊచలు తిమింగలపు ఎముకతో చేయబడుచుండెను. ఎముక యని వాడుకయేగాని అది నిజమునకు ఎముక కాదు. ఆ జంతువు నోటిలో నీటిని వడియగట్టుటకై దువ్వెనపండ్లవలె వ్రేలాడు గట్టి పదార్థము. తడిసి యారుచున్నకొలది అది సాగుదలను గోలుపోయి పగులును. పగులకుండుటకై మందముగా కోయవలెను. పైన కప్పు గుడ్డ నూనెయో మైనమో పట్టించినదగుటచే మడచినచోట్ల అంటుకొనిపోవును. ఇట్టి ఊచలు ఎనిమిదింటిని, ఇట్టి గుడ్డను చుట్టి కర్రలోపల దాచవలెనన్నచో ఆ కర్ర రోకలి యగును.

ఇంగ్లండులో గొడుగు ప్రవేశమునకు జోనాస్ హాన్వే (1712–1786) పేరు విడదీయరానిది. పారసీక దేశమున సంచరించి వచ్చిన ఈ వర్తకుడు లండను వీథులలో సుమారు ముప్పది యేండ్లు గొడుగు పట్టి నడచెను. వాన కురిసినచో బేరము దొరకునని కాచుకొనియుండు అద్దె గుర్రపుబండ్లవారును, మేనాలు మోయువారును ఆయనను ఎగతాళి చేసిరి. తేనీటి పానము దేశమునకు హానికరమని 1756లో ఈయన యొక వ్యాసము వ్రాసి, డాక్టరు జాన్సను చేత చీవాట్లు తినెను. ఆంగ్లేయులు తేనీటిని విడువలేదు, గొడుగును మాత్రము క్రమముగా పట్టిరి. జాన్ మెక్డొనాల్డు అను సేవకుడు 1778 ప్రాంతమున తాను పట్టు గొడుగుతో వెళ్లుచుండగా జనులు ఫ్రెంచివాడా యని కేకలు వేసిరని తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను.

ఈ పరిహాసమునకు మూలము ధనముతో ముడివడియున్నది. గొడుగు చేతనున్నవానికి సొంతబండి లేదని అర్థము. కర్ర యట్లు కాదు; కత్తిని నడుమున కట్టు అలవాటు తగ్గినకొలది, పిడికి వెండియో దంతమో తాపించిన చేతికర్ర పెద్దమనిషి చేతికి భూషణమైనది. కావున వానకు భయపడుచున్నట్లు పైకి కనబడకుండ వానకు సిద్ధముగా నుండగోరువాడు గొడుగును కర్రలో దాచుకొనెను. దండచ్ఛత్రము మొదట సౌకర్యమునకంటె మరుగునకే యెక్కువగా పుట్టినదని చెప్పుట తప్పు కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున బోలుకర్రలపై మోజు పరాకాష్ఠ నందెను. కత్తి దాగిన కర్రలు, దుర్భిణి గల కర్రలు, పిల్లనగ్రోవియగు కర్రలు, విప్పినచో ఫిడేలగు కర్రలు కూడ చేయబడినవి. చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ తన బోలుకర్రలో మద్యము నింపుకొని తిరిగెనని ప్రసిద్ధి. గొడుగు దాగిన కర్ర ఈ కుటుంబములోనిదే. దాని సామాన్య నిర్మాణ మిట్టిది: పలుచని లోహపు గొట్టమునకో, తొలిచిన పేముకో కణుపులు తేలునట్లు రంగు పూసి కర్రరూపము తెత్తురు. పిడిని మెలిత్రిప్పి పైకి లాగినచో దానితోపాటు సన్నని ఇనుపకామకు చుట్టబడిన గొడుగు వెలువడును. క్రిందికొనను పొన్ను గల ఒర ఖాళీగా మిగులును. ఆ ఒరను చంకను పెట్టుకొనుటయా, రెండవ చేత పట్టుకొనుటయా యన్న ప్రశ్న వెంటనే పుట్టును. అందుచే కొందరు ఒరను రెండు మూడు ముక్కలుగా విడిపోవునట్లు మరలు కోసి, కోటుజేబులో వేసికొను నుపాయము చేసిరి. తడిసిన గొడుగును మరల ఒరలో దూర్చుట మాత్రము నేర్పరికిని కష్టమే. గుడ్డను మునివ్రేళ్లతో ఒక్కొక్క మడతగా త్రిప్పి చుట్టి, ఊచల కొనలు ఒర యంచునకు తగులకుండ మెల్లగా దింపవలెను.

ఈ చిక్కును విప్పినది కర్రలు చేయువారు కారు, తీగలు తీయువాడు. డెర్బీషైరులోని బ్రాడ్వెల్ గ్రామమున 1815లో జన్మించిన సామ్యూల్ ఫాక్స్, షెఫీల్డునకు సమీపముననున్న స్టాక్స్‌బ్రిడ్జిలో 1842లో తీగల కర్మాగారమును స్థాపించెను. అప్పటికే ఉక్కు ఊచలను వాడి చూచినవారున్నను, గుండ్రని ఉక్కు ఊచ బలముగా నున్నచో బరువు, తేలికగా నున్నచో వంపు. ఫాక్స్ 1852లో పలుచని ఉక్కుపట్టీ రెండంచులను మడచి దోనెవలె చేసిన ఊచకు పేటెంటు పొంది, దానికి ‘పారగాన్’ అని పేరిడెను. కాగితపు ముక్కను చదునుగా పట్టినచో వ్రాలిపోవుననియు, నడుమ మడచి పట్టినచో నిలుచుననియు బాలురకును తెలియును. ఫాక్స్ చేసిన దింతియే. కాని ఫలము గొప్పది. మూసినపుడు ఊచ తన యాధారపు పుల్లను ఆ దోనెలోనే ఇముడ్చుకొనుటచే గొడుగు చుట్టు సగమువరకు తగ్గినట్లు తోచును. దీనికి నాలుగేండ్లు ముందే విలియం సాంగ్‌స్టర్ నూనెగుడ్డకు మారుగా అల్పాకా ఉన్నిగుడ్డను గొడుగులకు వాడుకలోనికి తెచ్చెను. 1851 లండను మహాప్రదర్శనమున సాంగ్‌స్టర్ సోదరులకు పతకము లభించెను. గొడుగుల చరిత్రను ఒక చిన్న పుస్తకముగా వ్రాసినవాడును ఈ సాంగ్‌స్టరే.

ఉక్కు దోనెయు, పలుచని గుడ్డయు కలసిన పిమ్మట గొడుగును కర్రలో దాచు నవసరమే తగ్గినది; గొడుగే కర్రయంత సన్ననైనది. లండనులో 1836లో వెలసిన బ్రిగ్ సంస్థవంటి మేటి పనివారు పిడినుండి పొన్నువరకు ఒకే కొయ్యతో, వంకీని ఆవిరిపై వంచి, కామ చేయుటకు ప్రసిద్ధి కెక్కిరి. ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున ఆ నగరపు ఉద్యోగి చేత బిగియ చుట్టిన నల్లగొడుగు చేతికర్ర స్థానము నాక్రమించెను. 1938లో మ్యూనిక్ సంధికి పోయిన ప్రధాని చేంబర్లేను గొడుగు పత్రికల చిత్రములద్వారా లోకమంతకు పరిచితము. చేతికర్ర, 1914నుండి వెండితెరపై చాప్లిను చేతిలో వంగుచు లేచుచు, హాస్యపరికరముగా మిగిలెను. మనదేశమునకు వచ్చిన నల్లగుడ్డ గొడుగు ఆ వంశములోనిదే. పల్లెలలో కరణమో మునసబో చంకనిడుకొని పోవునట్టి ఆ గొడుగు ఎండకును, వానకును, బురదగట్టుపై ఊతకును, మీదికి వచ్చు కుక్క నదలించుటకును ఒక్కటియే చాలెడిది.

ఊత నిజముగా అవసరమైనవారి కథ వేరు. జర్మనీలో హాన్స్ హాప్ట్ కర్ర లేక నడువలేని స్థితిలో ఉండి, దానికి తోడు పొడుగు గొడుగును మోయుట భారమగుటచే, కామ ఒకదానిలో నొకటి జొరబడు జేబుగొడుగును కల్పించెను. 1928లో వెలువడిన ఆ కల్పన తరువాత ‘క్నిర్ప్స్’ అను పేర లోకప్రసిద్ధమైనది. కర్రపై బరువుమోపు మనిషి కర్రను గొడుగును ఏకము చేయక వేరుచేసి, గొడుగును జేబులో వేసికొనుట గమనింపదగినది. గొడుగు విప్పినంతనే ఊత పోవునన్న చిక్కు ఆయనకు అనుభవమువలన తెలిసియుండవలెను.

ఊతకర్ర లక్షణములను వైద్యులు స్పష్టముగా నిర్ణయించియున్నారు. చేయి క్రిందికి వ్రేలాడవిడిచి నిలిచినపుడు కర్రపిడి మణికట్టు మడతకు సరిగా రావలెను. నొప్పి గల కాలికి ఎదురుచేత పట్టవలెను. కొనను రబ్బరుతొడుగు ఉండవలెను. శరీరభారములో సుమారు ఐదవవంతు కర్రపై పడును. సన్నని కంబము ఎంత భారమునకు వంగునో ఆయిలరు 1744లోనే గణితముచే నిరూపించెను. పొడుగు రెండింతలైనచో తాళగల భారము నాలుగవవంతునకు తగ్గును. ఒకే బరువు గల కడ్డీకంటె గొట్టము బిగువైనది గావున, ఈనాటి మంచి దండచ్ఛత్రములలో బరువును అల్యూమినియపు ఒరయే మోయును. లోనున్న గొడుగుకామపై భారము పడదు. పిడిని రెండు పొరలుగా చేసి, లోపలిపొర గొడుగుతో వెలువడునట్లును, పైపొర ఒరకే అంటి నిలుచునట్లును అమర్చుటచే, వాన వచ్చినపుడు ఒక చేత గొడుగును, వేరొక చేత ఊతయు నుండును. కర్రను చూపుకై కాక నడకకై వాడువారికి తగిన నిర్మాణ మిదియొక్కటే. మీట నొక్కినంతనే కర్రయంతయు గొడుగై తలపైకి లేచు రకములు అంగడిలో చూచుటకు ముచ్చటగా నుండును గాని, తడిసిన మెట్లపై వృద్ధుని నిరాధారుని చేయును.

వంకీపిడి వ్రేలాడదీయుటకు అనువేగాని బరువుమోపుటకు అరచేతికి చాలదు. అడ్డపిడి గలదానిని ఎన్నుకొనవలెను. రబ్బరుతొడుగు అరిగి లోహము నేలను తాకుచున్నచో వెంటనే మార్పించవలెను. తడిసిన గొడుగును నీడను విప్పి పూర్తిగా ఆరనిచ్చిన పిమ్మటనే ఒరలో పెట్టవలెను. లేనిచో ఊచల కీళ్లు త్రుప్పుపట్టి, గుడ్డ మొదట మడతల వెంటనే చివుకును.