డేరాల రాజధానిలో అద్దె పోర్షన్

పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి మా అబ్బాయి ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చి డబ్లిన్ వెళ్ళి అప్పటికి ఐదు వారాలు. "అమ్మా, ఈ రోజు కూడా ఇల్లు కుదరలేదు" అన్నాడు. అది పద్నాలుగో ఇల్లట. ఒక్క గది కోసం పాతికమంది వరుసలో నిలబడుతున్నారట. తీరా లోపలికి పోతే అడిగేది ఒకటే మాట: ఇంతకు ముందు అద్దెకున్న ఇంటి యజమాని దగ్గర ఉత్తరం ఉందా అని. వీడు పుట్టి పెరిగింది సొంత ఇంట్లో. ఆ ఉత్తరం ఎవరు రాస్తారు? "నువ్వే రాసియ్యి, ఇరవై నాలుగేళ్ళు మా ఇంట్లో ఉన్నాడు, మంచోడే అని" అని నవ్వాడు. ఆ నవ్వు వినలేకపోయాను.

పక్క మంచం మీద మా అత్త మేలుకునే ఉంది. ఫోన్ పెట్టేశాక, "యాడ ఉంటాండాడు ఇప్పుడు?" అంది. "స్నేహితుడి హాల్లో పడుకుంటున్నాడు అత్తా" అన్నాను. "డేరాలో కాదు గదా! మన కర్నూల్లో ఎంతమంది డేరాల్లో ఉండినారో నీకు తెలీదు" అంటూ మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆమె చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి మీకు చెప్తాను.

మన ఊరు ఒకప్పుడు రాజధాని అని అందరికీ తెలుసు. పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. కానీ మద్రాసు నగరం మనకు రాలేదు. రాజధాని ఎక్కడ అన్న తగవు వచ్చింది. విజయవాడ-గుంటూరు వైపే ఉండాలని చాలామంది పట్టుబట్టారు. చివరికి 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని రాయలసీమకు, హైకోర్టు కోస్తాకు అనుకున్నారు. ఈ 'శ్రీబాగ్' ఏమిటో తెలుసా? మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు. మన రాజధాని సంగతి తేల్చిన ఒప్పందానికి ఒక ఇంటి పేరే మిగిలింది.

1953 అక్టోబరు 1న ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా కొత్త రాష్ట్రం మొదలైంది. పేరుకు రాజధానే, కానీ కర్నూలు అప్పటికి ఒక జిల్లా కేంద్రం. తుంగభద్ర, హంద్రీ మధ్య పాతబస్తీ, బండలు పరచిన మిద్దెలు, ఎండాకాలం వస్తే నీళ్ళ కష్టం. అలాంటి ఊరికి మద్రాసు సచివాలయం నుంచి గుమాస్తాలు, టైపిస్టులు, ఆఫీసర్లు పెట్టెలు, ఫైళ్ళతో దిగారు. ఆఫీసులే చాలా వరకు డేరాల్లో పెట్టారంటే ఇక మనుషులకు ఇళ్ళు ఎక్కడివి? ఈ రోజుకీ మనం ఆటో ఎక్కి 'ఏ క్యాంపు', 'బి క్యాంపు', 'సి క్యాంపు' అంటాం కదా, ఆ పేర్లు ఆ రోజులవే. సి క్యాంపు రైతుబజారులో ఇన్నేళ్ళుగా కూరగాయలు బేరమాడుతున్నాను కానీ, 'క్యాంపు' ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

అప్పట్లో మద్రాసు ప్రభుత్వం చేసిన 1949 నాటి అద్దె ఇళ్ళ చట్టం మనకూ వర్తించేది. ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి తెలియజేయాలి, ఉద్యోగుల కోసం కావాలంటే సర్కారు తీసుకోవచ్చు. చట్టం సరే, ఊళ్ళో ఉన్న ఇళ్ళు ఉన్నన్నే కదా!

చరిత్ర పుస్తకాల్లో ప్రకాశం గారు, నీలం సంజీవరెడ్డి గారు కనిపిస్తారు. ఆ డేరాల్లో వంట చేసినవాళ్ళు కనిపించరు. ఆ కథ మా అత్త దగ్గరుంది.

అప్పుడు ఆమెకు పదేళ్ళు. పుట్టిల్లు పాతబస్తీలోనే. డేరాలో కాపురమున్న ఒక గుమాస్తా గారి భార్య రోజూ వాళ్ళ బావి దగ్గరికి నీళ్ళకు వచ్చేదట. ఇద్దరు చిన్నపిల్లలు. స్కూలు సంవత్సరం మధ్యలో మద్రాసు వదిలి వచ్చారు. మా అత్త వాళ్ళ అవ్వ నీళ్ళిచ్చేది గానీ, గడప దాటనిచ్చేది కాదు. "ఏమిట్లోళ్ళో ఏమో, మాట అరవ మాట మాదిరి ఉండాది" అనేదట. ఒక రాత్రి గాలివాన వచ్చి వాళ్ళ డేరా కూలింది. తెల్లవారుజామున పిల్లలను చంకలో, చేతిలో పట్టుకుని తడిసిన చీరతో ఆమె వాకిట్లో నిలబడింది. ఏమీ అడగలేదట. అవ్వ కాసేపు చూసి, "ముందర గదిలో జొన్నల మూటలు తీయండి" అందట. అంతే. ఆ గదిలో వాళ్ళు మూడేళ్ళు ఉన్నారు.

"ఆయమ్మ రాకపోతే నాకు చదువు లేదు" అంది మా అత్త. ఐదో తరగతితో ఆపేద్దామనుకున్న పిల్లను హైస్కూలుకు పంపమని అవ్వతో రోజూ పోట్లాడింది ఆ అద్దెకొచ్చిన ఆమేనట. అవ్వ ఇచ్చింది ఒక గది, ఆమె ఇచ్చింది చదువు.

1956 నవంబరు 1న హైదరాబాదు రాజధాని అయ్యింది. మూడేళ్ళు ఒక నెల నిలిచిన కర్నూలు రాజధాని ముగిసింది. ఆ కుటుంబం మళ్ళీ పెట్టెలు సర్దుకుని, మళ్ళీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. అరవై ఏళ్ళకు 2016లో ఇదే కథ తిరిగి జరిగింది. హైదరాబాదు నుంచి వెలగపూడికి సచివాలయం కదిలినప్పుడు ఉద్యోగులకు వారానికి ఐదు రోజుల పని, ఉచిత వసతి ఇచ్చారు. అయినా పిల్లల చదువుల కోసం సంసారం ఒకచోట, ఉద్యోగం ఒకచోట పెట్టుకున్న ఆడవాళ్ళు ఎంతమందో!

ఇక మన కడప వైపు నుంచి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళ సంగతి వేరు. మా ఇంట్లో పనిచేసే ఆమె చెల్లెలిని రాయచోటిలో ఇచ్చారు. అక్కడి నుంచి కువైట్ వెళ్ళింది. ఆమెకు ఇల్లు వెతుక్కునే పనే లేదు, పనిచేసే ఇల్లే ఇల్లు. వినడానికి బాగుంది. కానీ ఆ ఇంట్లో తలుపేసుకునే గది ఉందా, సెలవుందా? 2015లో కువైట్ చేసిన చట్టం ఇంటి పనివాళ్ళకు వారానికొక రోజు సెలవివ్వాలనీ, పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదనీ చెప్పింది. అది అమలయ్యే ఇల్లు దొరకడం అదృష్టం అంటుంది వాళ్ళక్క. ఇల్లు దొరకకపోవడం ఒక కష్టం, దొరికిన ఇంట్లోంచి బయటికి రాలేకపోవడం ఇంకో కష్టం.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ ఫోన్ వచ్చిన రోజు పొద్దున్నే మా పై పోర్షన్ కోసం ఒక అమ్మాయి వచ్చింది. శ్రీకాకుళం వైపు పిల్ల. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఒంటరి పిల్ల, రాత్రి డ్యూటీలు. "మీరేమిట్లు?" అని కూడా అడిగాను. ఆమె తల దించుకుని చెప్పింది. "ఆలోచించి చెప్తాను" అన్నాను. ఆ మాటకు అర్థం ఏమిటో మనందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. డబ్లిన్‌లో మా అబ్బాయికి పద్నాలుగు సార్లు చెప్పిన మాట కూడా అదే.

మా అత్త కథ ముగించి అటు తిరిగి పడుకుంది. నన్నేమీ అనలేదు. పొద్దున్న ఆమె అన్నదీ విని ఉంటుంది, నేనన్నదీ విని ఉంటుంది.

మరుసటి రోజు ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. "ఇల్లు కడిగించినా, శుక్రవారం వచ్చేయమ్మా" అన్నాను. వచ్చింది. రాత్రి డ్యూటీ అయ్యి తెల్లారి వచ్చేటప్పుడు గేటు చప్పుడు కాకుండా తీస్తుంది.

మా అబ్బాయికి ఇంకా ఇల్లు కుదరలేదు. వెతుకుతూనే ఉన్నాడు. అక్కడా ఎవరో ఒక అవ్వ జొన్నల మూటలు తీయిస్తుందని ఎదురుచూస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, మన ఇంట్లో ఎవరెవరు అద్దెకున్నారో ఒకసారి అడిగి చూడండి.