వాకిట నిలిచిన కాపలా: జావా వెబ్ అప్లికేషన్లలో ప్రామాణీకరణ ఫిల్టర్ల చరిత్ర

వ్యాససంగ్రహం

జావా వెబ్ అప్లికేషన్‌కు వచ్చిన వినియోగదారు ఎవరో నిర్ధారించే పని తొలినాళ్లలో ప్రతి పుటలోనూ చెదిరి ఉండేది. 2001లో సర్వ్‌లెట్ 2.3 నిర్దేశం ఫిల్టర్ అనే భాగాన్ని ప్రవేశపెట్టడంతో ఆ పని ఒకే వాకిలికి చేరింది. ఈ మార్పు జరిగిన క్రమాన్ని, వాకిట ఉన్న కాపలా ఒకే చిరునామాను లోపలి ఇంటికన్న భిన్నంగా చదివినప్పుడు తలెత్తిన లోపాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ప్రవేశిక

వెబ్‌కు ఆధారమైన హెచ్‌టీటీపీ ఒడంబడికకు జ్ఞాపకం లేదు. ఒక అభ్యర్థనకు జవాబిచ్చిన మరుక్షణం ఆ అభ్యర్థన ఎవరిదో సర్వర్ మరచిపోతుంది. రెండో అభ్యర్థన వచ్చినప్పుడు అది కొత్త ముఖమే. అందువల్ల వచ్చినవారు తామెవరో ప్రతిసారీ ఏదో ఒక ఆనవాలుతో చూపవలసి ఉంటుంది.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ సమస్య కొత్తది కాదు. కాళిదాసు నాటకంలో దుష్యంతుని మరపుకు విరుగుడు ఉంగరం. నన్నయ ఆదిపర్వంలో చెప్పిన శకుంతలోపాఖ్యానంలో ఉంగరం లేదు. తెలిసీ తెలియనట్లు నటించిన రాజు ఎదుట ఆకాశవాణి సాక్ష్యం పలుకుతుంది. చేతిలోని ఆనవాలు ఒక పద్ధతి, నమ్మదగిన మూడో పక్షం పలికే సాక్ష్యం మరొక పద్ధతి. వెబ్ ఈ రెండింటినీ వాడుకున్నది. మొదటిదానికి కుకీ ఉదాహరణ; రెండోదానికి 2014లో వెలువడిన ఓపెన్‌ఐడీ కనెక్ట్ ఉదాహరణ. అయితే ఉంగరాన్నైనా సాక్ష్యాన్నైనా పరీక్షించేవారు ఒకరుండాలి. ఆ పరీక్షకుడు ఎక్కడ నిలబడాలన్నదే ఇక్కడి ప్రశ్న.

పరిభాష విషయంలో ఒక స్పష్టత అవసరం. వచ్చినవారు ఎవరో తేల్చడం ప్రామాణీకరణ. తేలినవారికి ఏ గదిలోకి వెళ్లే హక్కు ఉన్నదో తేల్చడం అధికార నిర్ణయం. రెండూ తరచు ఒకే ఫిల్టర్ల వరుసలో జరగడం వల్ల వాడుకలో కలగలిసిపోతాయి. ఇక ఫిల్టర్‌కు ‘వడపోత’ అనే మాట సహజంగా తోస్తుంది కాని, అది అర్థాన్ని సగమే చెబుతుంది. వడపోత గుడ్డ పోసినదాన్ని జల్లించి వదులుతుంది. ఇక్కడి ఫిల్టర్ వచ్చినవారిని ప్రశ్నించగలదు, వెనక్కు పంపగలదు, వేరే దారి చూపగలదు, తిరిగి వెళ్లేటప్పుడు కూడా గమనించగలదు. ‘ద్వారపాలకుడు’ అన్నదే దీనికి దగ్గరి మాట.

2. ఫిల్టర్‌కు పూర్వం

1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటులీ కుకీని రూపొందించాడు. 1996 మే నెలలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1945 ‘బేసిక్’ ప్రామాణీకరణను వివరించింది. ఇందులో పేరు, సంకేతపదం రెండూ బేస్64 రూపంలో ప్రతి అభ్యర్థనతోనూ ప్రయాణిస్తాయి. బేస్64 రహస్యలిపి కాదు, కేవలం వేషం; దారిలో పట్టుకున్నవారెవరైనా దాన్ని తిరగరాసి చదువుకోవచ్చు.

1997లో సన్ మైక్రోసిస్టమ్స్ సర్వ్‌లెట్లను విడుదల చేసింది. సర్వ్‌లెట్‌కు సెషన్ అనే సదుపాయం ఉన్నది: సర్వర్ ఒక సెషన్ సంఖ్యను కుకీగా బ్రౌజర్‌కు ఇచ్చి, ఆ సంఖ్య కింద వినియోగదారు వివరాలను తనవద్ద దాచుకుంటుంది. సదుపాయమైతే ఉన్నది కాని, దాన్ని పరీక్షించే పని ప్రతి సర్వ్‌లెట్ తానే చేసుకోవలసి వచ్చేది. సెషన్‌లో వినియోగదారు పేరున్నదా, లేకుంటే లాగిన్ పుటకు పంపు అనే నాలుగు వరుసలు ప్రతి సర్వ్‌లెట్ తలలోనూ, ప్రతి జేఎస్‌పీ పుట మొదట్లోనూ కనిపించేవి. నలభై పుటలుంటే నలభై ప్రతులు. నలభై ఒకటో పుట రాసినవారు ఆ వరుసలు మరచిపోతే ఆ పుట ఊరందరికీ తెరుచుకున్నట్లే. పైగా అది చక్కగా పని చేస్తూనే ఉంటుంది కనుక లోపం ఉన్నదని ఎవరికీ తోచదు.

1999లో వచ్చిన సర్వ్‌లెట్ 2.2 నిర్దేశం దీనికి ఒక పరిష్కారం చూపింది. అప్లికేషన్ ఏర్పాట్లన్నీ రాసే వెబ్ ఎక్స్‌ఎంఎల్ దస్త్రంలో ఏ చిరునామాలకు రక్షణ కావాలో ప్రకటిస్తే, ప్రామాణీకరణను కంటైనరే చూసుకుంటుంది. లాగిన్ ఫారాన్ని అప్లికేషన్ తనకు నచ్చినట్లు తీర్చిదిద్దుకోవచ్చు. ఫారం మాత్రం ‘జే సెక్యూరిటీ చెక్’ అనే నిర్ణీత చిరునామాకు చేరాలి. ఊహ గొప్పదే. ఆచరణలో వినియోగదారుల పట్టికను కంటైనర్‌కు కలిపే పద్ధతి ఒక్కొక్క సర్వర్‌లో ఒక్కొక్క తీరుగా ఉండేది. ఒక సర్వర్‌పై నడిచిన ఏర్పాటును మరొకదానిపైకి తీసుకువెళ్లడం మళ్లీ మొదటినుంచి రాయడమే అయ్యేది. వినియోగదారు రక్షిత పుటను కోరకుండా నేరుగా లాగిన్ పుటకే వస్తే ఏం చేయాలో కంటైనర్‌కు తోచేది కాదు. కాపలా ప్రభుత్వానిదైనప్పుడు ఇంటి యజమాని ఇబ్బందులు దానికి పట్టవు.

3. 2001: ఫిల్టర్ ప్రవేశం

2001 సెప్టెంబరులో తుదిరూపం పొందిన సర్వ్‌లెట్ 2.3 నిర్దేశం ఫిల్టర్‌ను ప్రవేశపెట్టింది. అపాచీ టామ్‌క్యాట్ 4.0 దీనికి ప్రామాణిక అమలుగా నిలిచింది. నిర్దేశం తానే ఫిల్టర్ల ఉపయోగాలకు ఇచ్చిన ఉదాహరణలలో నమోదు, కుదింపు వంటివాటితో పాటు ప్రామాణీకరణ కూడా ఉన్నది.

ఫిల్టర్ నిర్మాణం చాలా చిన్నది. పుట్టుకకు ఇనిట్, ముగింపుకు డిస్ట్రాయ్, నడుమ డూఫిల్టర్ అనే మూడే పద్ధతులు. డూఫిల్టర్‌కు అభ్యర్థన, ప్రతిస్పందన, తన తర్వాతివారి వరుస అనే మూడు వస్తువులు అందుతాయి. సారమంతా మూడోదానిలో ఉన్నది. ఫిల్టర్ వరుసను పిలిస్తే అభ్యర్థన ముందుకు సాగుతుంది. పిలవకపోతే అక్కడే ఆగిపోతుంది. ‘కాదు’ అని చెప్పడానికి ప్రత్యేకమైన ఆజ్ఞ ఏదీ అక్కరలేదు, మౌనమే చాలు. పిలుపు తర్వాత రాసిన వరుసలు లోపలి పని ముగిసి ప్రతిస్పందన వెనుదిరిగేటప్పుడు నడుస్తాయి.

దీనితో నలభై ప్రతులు ఒక్కటయ్యాయి. ఫిల్టర్ సెషన్‌ను చూస్తుంది. వినియోగదారు దొరికితే వరుసను పిలుస్తుంది. దొరకకపోతే కోరిన చిరునామాను గుర్తుంచుకుని లాగిన్ పుటకు మళ్లిస్తుంది. అదే నిర్దేశం అభ్యర్థనకు తొడుగు వేసే తరగతులను కూడా ఇచ్చింది. ఫిల్టర్ అసలు అభ్యర్థనకు తొడుగు వేసి, వినియోగదారు ఎవరన్న ప్రశ్నకు తాను తేల్చిన పేరు జవాబుగా వచ్చేలా చేయగలిగింది. లోపలి సర్వ్‌లెట్‌కు ప్రామాణీకరణ ఎలా జరిగిందో తెలియవలసిన పని లేకపోయింది.

ఫిల్టర్ రాసే కొత్తవారంతా చేసే పొరపాటు ఒకటున్నది. అన్ని చిరునామాలకూ ఫిల్టర్‌ను తగిలిస్తే లాగిన్ పుట కూడా అందులో పడుతుంది. లాగిన్ కానివారిని లాగిన్ పుటకు, అక్కడినుంచి మళ్లీ లాగిన్ పుటకు పంపుతూ బ్రౌజర్ అలసిపోయేదాకా తిప్పుతుంది. అందుకని మినహాయింపులు పుట్టాయి. లాగిన్ పుట, దాని బొమ్మలు, దాని శైలి దస్త్రాలు వదిలేయాలి. చిరునామా ‘సీఎస్‌ఎస్’ అనే అక్షరాలతో ముగిస్తే వదిలేయమని ఒక షరతు రాస్తారు. రాబోయే ఇరవై ఏళ్ల చిక్కులకు బీజం ఈ నిరపాయకరమైన షరతులోనే ఉన్నది.

2003 నవంబరులో వచ్చిన సర్వ్‌లెట్ 2.4 మరొక ప్రశ్నను తేటపరచింది. అప్లికేషన్ లోపలే ఒక సర్వ్‌లెట్ అభ్యర్థనను మరొకదానికి ఫార్వర్డ్ చేస్తే ఫిల్టర్ మళ్లీ నడవాలా? ప్రత్యేకంగా కోరితేనే నడుస్తుందని, లేకుంటే బయటినుంచి వచ్చిన అభ్యర్థనలకే పరిమితమని నిర్ణయించారు. వాకిలి దాటినవాడు గదినుంచి గదికి పోతే కాపలావాడు లేచి రాడన్నమాట.

4. ఏసీజీ నుంచి స్ప్రింగ్ సెక్యూరిటీకి

బెన్ అలెక్స్ 2003 చివరిలో స్ప్రింగ్ చట్రం కోసం ఆరంభించిన భద్రతా ప్రయత్నం 2004లో ఏసీజీ సెక్యూరిటీ పేరుతో బయటికి వచ్చింది. ఆ పేరుకు అర్థమేమీ లేదు. ఆంగ్ల వర్ణమాలలోని ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిదో అక్షరాలను వరుసగా పేర్చిన మాట అది. 2006 మేలో దాని 1.0 రూపం, 2008 ఏప్రిల్‌లో స్ప్రింగ్ సెక్యూరిటీ 2.0 అనే కొత్త పేరుతో తర్వాతి రూపం వెలువడ్డాయి.

కంటైనర్‌కు కనిపించేది ఒక్క ఫిల్టరే కావడం, దాని వెనుక స్ప్రింగ్ నిర్వహించే మరొక వరుస ఉండడం దీని ప్రత్యేకత. ఆ లోపలి వరుసలో ఒకరు సెషన్‌నుంచి పాత గుర్తింపును తెస్తారు, ఒకరు లాగిన్ ఫారాన్ని పరీక్షిస్తారు, ఎవరూ గుర్తించనివారికి ఒకరు ‘అనామకుడు’ అనే గుర్తింపు ఇస్తారు, చివర నిలిచినవారు అధికార నిర్ణయం చేస్తారు. నిరాకరణ జరిగితే దాన్ని లాగిన్ పుటకు మళ్లింపుగానో దోష సంఖ్యగానో మార్చేవారు ఇంకొకరు. ఒక్క ద్వారపాలకుడి పని ఇలా ఒక పరివారానికి పంచబడింది.

తేలిన గుర్తింపును ఉంచే చోటు గమనార్హం. అభ్యర్థనను నడిపే థ్రెడ్‌కే దాన్ని అంటిస్తారు. దానివల్ల అప్లికేషన్‌లో ఎంత లోతున ఉన్న భాగమైనా ఎవరి తరఫున పని చేస్తున్నదో తెలుసుకోగలదు. కాని సర్వర్ థ్రెడ్లను పారవేయదు. ఒకరి పని కాగానే మరొకరి అభ్యర్థనకు అదే థ్రెడ్‌ను వాడుతుంది. వెనుదిరిగేటప్పుడు ఆ గుర్తింపును తుడవకపోతే తర్వాత వచ్చిన అపరిచితుడు మునుపటివారి పేరుతో లోపలికి నడుస్తాడు. తుడిచే బాధ్యత కూడా ఫిల్టర్‌దే. లోపల దోషం తలెత్తినా సరే తుడిచి తీరాలి. ఫిల్టర్ రాకపోకలు రెంటిలోనూ నిలబడడం ఎంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

ఉంగరం మార్చే విషయం కూడా ఇటువంటిదే. దాడి చేసేవాడు తనకు తెలిసిన సెషన్ సంఖ్యను ముందే ఇతరుల బ్రౌజర్‌లో నాటి, వారు లాగిన్ అయ్యాక అదే సంఖ్యతో ప్రవేశించవచ్చునని మిత్యా కోల్షెక్ 2002లో ప్రకటించిన పత్రంలో వివరించాడు. ప్రామాణీకరణ ముగియగానే సంఖ్యను మార్చడమే దీనికి మందు. ఒక్క పిలుపుతో ఆ మార్పు చేసే సదుపాయం సర్వ్‌లెట్ నిర్దేశంలోకి 2013లో, 3.1 రూపంతో గాని రాలేదు.

5. ఒకే చిరునామా, రెండు పాఠాలు

ఫిల్టర్ చిరునామాను చదివి నిర్ణయిస్తుంది. లోపలి అప్లికేషన్ కూడా అదే చిరునామాను చదివి ఏ పుట నడపాలో నిర్ణయిస్తుంది. ఈ ఇద్దరు పాఠకులు ఒకే పాఠాన్ని ఒకే విధంగా చదువుతారని ఎవరూ హామీ ఇవ్వలేదు. తాళపత్ర ప్రతులు పరిష్కరించినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

2010లో జేబాస్ సర్వర్ నిర్వహణ కన్సోల్‌లో బయటపడ్డ లోపం, సీవీఈ-2010-0738, ఫిల్టర్‌ది కాదు, పైన చెప్పిన కంటైనర్ ప్రకటనది. అయినా దాని స్వభావం ఇదే. రక్షణ ప్రకటనలో గెట్, పోస్ట్ అనే రెండు పద్ధతుల పేర్లు మాత్రమే రాశారు. హెడ్ పద్ధతిలో వచ్చినవారు ఏ పరీక్షా లేకుండా లోపలికి వెళ్లగలిగారు. అదే సంవత్సరం అపాచీ షిరోలో మరొక లోపం కనిపించింది: చిరునామా నడుమ ఒక చుక్క, ఒక వాలుగీత అదనంగా చేరిస్తే షిరో దాన్ని తన పట్టికలోని చిరునామాగా గుర్తించలేదు, లోపలి సర్వర్ మాత్రం ఆ రెంటినీ తొలగించి సరైన పుటనే అందించింది. 2016లో స్ప్రింగ్ సెక్యూరిటీకి, స్ప్రింగ్ ఎంవీసీకి నడుమ ఖాళీ అక్షరాలను చదవడంలో తేడా వెల్లడైంది. ఒకే ఇంటి అన్నదమ్ముల నడుమ కూడా పాఠభేదం తప్పలేదు. 2020లో షిరో, స్ప్రింగ్ కలిసి పనిచేసే చోట మళ్లీ అటువంటిదే.

వీటన్నిటిలో 2018 జనవరి నాటి సీవీఈ-2018-1199 ఎక్కువ బోధిస్తుంది. చిరునామాలో అర్ధవిరామం తర్వాత వచ్చే భాగాన్ని కొన్ని కంటైనర్లు ఫిల్టర్‌కు అందించే మార్గంలో ఉంచుతున్నాయి, కొన్ని తొలగిస్తున్నాయి. సర్వ్‌లెట్ నిర్దేశంలోనే స్పష్టత లేకపోవడం దీనికి మూలమని స్ప్రింగ్ బృందం ప్రకటించింది. వారు చేసిన మార్పు సరళమైనది: అర్ధవిరామం, జంట వాలుగీతలు వంటి సందేహాస్పద రూపాలున్న అభ్యర్థనను అర్థం చేసుకునే ప్రయత్నమే మాని తిప్పిపంపడం. పాఠభేదాలను సమన్వయించడం పండితుని పని కావచ్చును గాని కాపలావానిది కాదు. ఫిల్టర్ లోపాలను కార్యక్రమకర్తల అజాగ్రత్తగా మాత్రమే చూపే పాఠ్యపుస్తకాలు ఈ చరిత్రను విస్మరిస్తున్నాయి. అజాగ్రత్త లేకపోలేదు, కాని నిర్దేశమే మౌనంగా ఉన్న చోట ఎవరి పఠనం తప్పని చెప్పగలరు?

6. 2022

2017లో ఓరకిల్ సంస్థ ఎంటర్‌ప్రైజ్ జావాను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్లు ప్రకటించింది. వ్యాపారనామం చిక్కుల వల్ల 2020లో సర్వ్‌లెట్ 5.0 నాటికి ‘జావాఎక్స్’ అన్న మొదలుమాట ‘జకార్తా’గా మారింది. పేరు మారినా డూఫిల్టర్ మూడు వస్తువులూ అలాగే ఉన్నాయి. 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7519 ప్రమాణీకరించిన జేడబ్ల్యూటీ టోకెన్లు సెషన్‌కు బదులు వాడుకలోకి వచ్చాయి. అక్కడా సంతకాన్ని పరీక్షించేది వాకిట ఉన్న ఫిల్టరే.

చిరునామాను ఏ క్రమంలో విప్పి, శుద్ధిచేసి, ఏ రూపాలను తిరస్కరించాలో సర్వ్‌లెట్ 6.0 నిర్దేశం 2022లో విపులంగా వివరించింది. ఫిల్టర్ పుట్టిన 21 ఏళ్లకు ఆ పని జరిగింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన స్ప్రింగ్ సెక్యూరిటీ 6.0, అధికార నిర్ణయాన్ని ఫార్వర్డ్‌లతో సహా ప్రతి అంతర్గత మళ్లింపుకూ వర్తింపజేసింది. 2003లో వాకిటే కూర్చున్న కాపలా గదుల నడుమకూ వచ్చింది. కొత్త రూపానికి మారిన అప్లికేషన్లలో నిన్నటిదాకా తెరుచుకున్న జేఎస్‌పీ పుటలు కొన్ని నిరాకరణకు గురయ్యాయి. వాటి నిర్వాహకులు ఫార్వర్డ్‌లకు అనుమతిని ఇప్పుడు తామే పేరుపెట్టి రాయవలసి వస్తున్నది.