గాలికి పోయిన మాట

చదువరులారా, కృష్ణానది ఒడ్డున పుట్టి పెరిగిన వారికి ఆనకట్ట విలువ యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. నది యెంత నిండుగా పారినను, నీటిని ఆపి కాలువలకు మళ్లించు కట్టడము లేనియెడల అదంతయు హంసలదీవి దాటి సముద్రములో కలిసిపోవును. 1855వ సంవత్సరములో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన తరువాతనే ఈ డెల్టా వరిపొలముల దేశమైనది. ఇది అందరికిని తెలిసిన సంగతియే. అయితే అదే బెజవాడనుండి డెబ్బదియేండ్లకు పైగా మరియొక ప్రవాహము బయలువెడలుచున్నది. అది మాటల ప్రవాహము, పాటల ప్రవాహము. అందులో మనకు నిలిచినదెంత? సముద్రము పాలైనదెంత? ఈ ప్రశ్ననే నేడు మీ యెదుట ఉంచుచున్నాము.

ముందుగా కథను క్లుప్తముగా జ్ఞాపకము చేసికొందము. దక్షిణ దేశములో రేడియో మొదట ప్రభుత్వము చేతిమీదుగా రాలేదు. 1924లో మద్రాసునందు కొందరు ఉత్సాహవంతులు కలిసి ఒక రేడియో క్లబ్బును పెట్టి, ఆ యేటనే ప్రసారములు ఆరంభించిరి. డబ్బు చాలక 1927లో దానిని మూసివేయవలసి వచ్చెను. 1935లో హైదరాబాదునందు నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో మొదలాయెను. 1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము తెరువబడగా, కోస్తా జిల్లాల తెలుగువారు తమ భాషలో పాటయైనను మాటయైనను వినుటకు చాలకాలము ఆ మద్రాసు కేంద్రమునే నమ్ముకొనియుండిరి. తుదకు 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమాయెను. అప్పటికి ఆంధ్ర రాష్ట్రము ఏర్పడలేదు. దానికి ఇంకను అయిదేండ్లు ఉన్నది. రాష్ట్రము రాకమునుపే ఈ ప్రాంతపు జనులకు తమదియని చెప్పుకొనదగిన ఒక స్వరము వచ్చినదన్నమాట.

బందరు రోడ్డున పున్నమ్మతోటలోనున్న ఆ కేంద్రమునుండి ఎట్టివారి గొంతులు వినబడినవో పెద్దలకు తెలియును. బాలాంత్రపు రజనీకాంతరావు గారు అక్కడ పనిచేసిరి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారును, ఓలేటి వేంకటేశ్వర్లు గారును, శ్రీరంగం గోపాలరత్నము గారును ఆ స్టూడియోలలో పాడిరి. తెల్లవారగనే భక్తిరంజని, పగలు ఉషశ్రీ గారి ప్రసంగము, సాయంకాలము పాడిపంటలు, రాత్రి నాటకము. అరుగుమీద ఒక్క రేడియో ఉన్నయెడల దాని చుట్టును వీధియంతయు కూర్చుండెడి దినములవి. రేడియో ఉంచుకొనుటకు లైసెన్సు తీసికొని, ఏటేట తపాలా కార్యాలయములో రుసుము కట్టవలసియుండెను. ఆ పద్ధతి 1980లలో రద్దాయెను. నేటి పిల్లలకు ఈ మాట చెప్పిన నమ్మరు.

ఇక ఆ మాటలు ఏమాయెనో విచారింతము. తొలినాళ్లలో నాటకమైనను, కచేరియైనను, చాలభాగము స్టూడియోనుండి నేరుగానే ప్రసారమగుచుండెను. పాడినవాని నోటినుండి వినినవాని చెవికి చేరుటతో దాని ఆయుష్షు తీరిపోయెడిది. తరువాత టేపులు వచ్చినవి. టేపు అనగా సన్నని ప్లాస్టికు పట్టీ. ఇనుప తుప్పువంటి మెత్తని పొడిని జిగురుతో దానిమీద పూసియుందురు. ధ్వని ఆ పొడిలో అయస్కాంతపు గుర్తులుగా నిలుచును. ఆ గుర్తులను చెరిపి, అదే పట్టీమీద మరల క్రొత్త ధ్వనిని నింపవచ్చును. ఈ సౌకర్యమే చేటు తెచ్చినది. టేపు ఖరీదైనది, కార్యక్రమము ముగిసినది. కాబట్టి పాతదానిని చెరిపి క్రొత్తదానిని నింపుట ప్రపంచమందలి అనేక సంస్థలలో అలవాటాయెను. ఇంగ్లాండులోని బీబీసీ వారు 1960లలోను 1970లలోను చేసిన టెలివిజన్ నాటకములు ఎన్నియో ఇట్లే చెరిగిపోయినవి. మన ఆకాశవాణియు ఈ అలవాటునకు వెలి కాదు.

చెరుపక దాచిన టేపులకైనను అభయము లేదు. మన డెల్టా గాలిలోని తేమ ఆ జిగురును చెడగొట్టును. పట్టీ పొరలు ఒకదానికొకటి అంటుకొనును, బూజు పట్టును. బలవంతముగా తిప్పినయెడల పొడి రాలిపోవును. పొడితోపాటు గొంతును రాలిపోవును.

పాటలు పోయినవి, నాటకములు పోయినవి, అంతమాత్రమున మునిగినదేమి అని యెవరైన అడుగవచ్చును. వారికి ఒక సంగతి చెప్పుదుము. 1864 నవంబరు 1న మచిలీపట్నముమీద ఉప్పెన విరుచుకొనిపడి సుమారు 30,000 మందిని పొట్టను పెట్టుకొనెను. నాడు హెచ్చరిక వచ్చుటకు దారియే లేదు. 1977 నవంబరు 19న దివిసీమమీద మరల ఉప్పెన వచ్చెను. హైదరాబాదులో టెలివిజన్ కేంద్రము ఆ యేడు అక్టోబరు 23ననే తెరువబడినది. దాని బొమ్మ ఈ డెల్టాకు అందునది కాదు. పల్లెలకు ఉన్న దిక్కు రేడియోయే. అయినను పదివేల మందికి తక్కువ కాకుండ ప్రాణములు కోల్పోయిరి. 1990 మే 9న మిక్కిలి బలమైన తుఫాను కృష్ణా ముఖద్వారమునకు సమీపముననే తీరము దాటెను. ఆ పర్యాయము లక్షలాది జనులను ముందుగానే తరలించిరి. మరణములు వెయ్యిలోపుననే నిలిచినవి.

ఈ మూడింటి నడుమ సముద్రము మారలేదు, గాలి మారలేదు. హెచ్చరిక చేరిన విధము మారినది, దానిని విని జనులు కదలిన విధము మారినది. 1980లలో ఇన్‌శాట్ ఉపగ్రహము ద్వారా తీరప్రాంతములకు హెచ్చరికలు పంపు ఏర్పాటును వచ్చినది. కావున 1977లో ఆ రెండు మూడు దినములు రేడియోలో ఏ గంటకు ఏ మాటలు చదువబడినవి? “తీవ్రమైన తుఫాను” అను మాటను ఒడ్డుననున్న జాలరి ఏమని అర్థము చేసికొనెను? ఎన్ని గుడిసెలకు ఒక రేడియో ఉండెను? ఇవి వినోదమునకు చెందిన ప్రశ్నలు కావు, ప్రాణములకు చెందిన ప్రశ్నలు. వీటి జవాబులు నాటి వార్తల ప్రతులలోను, కేంద్రపు దినచర్య పుస్తకములలోను, వినినవారి జ్ఞాపకములలోను వెదకవలెను. ప్రతులను చెదలు తినును. నాడు పదేండ్ల పిల్లవాడు నేడు అరువదికి దగ్గరపడినాడు. వారును కన్నుమూసినయెడల తరువాతి వారికి మిగులునది ఊహ మాత్రమే.

అట్లని అంతయు పోయినదని మేము చెప్పుటలేదు. ప్రసారభారతి వారు తమ భాండాగారమునుండి కొన్ని పాత ధ్వనులను వెలికి తీసియున్నారు. అంతకంటె విశేషమేమనగా, ఏ ఉద్యోగమును లేని సామాన్యులు, కేవలము అభిమానముచేత, ఇంటింట అడిగి సేకరించిన టేపులను శుభ్రపరచి అంతర్జాలములో ఉంచినారు. విదేశములలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన “ఈమాట” పత్రిక వెబ్‌సైటులో పాత రేడియో నాటకములు, సంగీత రూపకములు, ప్రసంగములు నేడు వినవచ్చును. ఆకాశవాణిలో ఉన్నతోద్యోగము చేసిన రేవూరు అనంత పద్మనాభరావు గారు ప్రసారరంగములోని తెలుగువారినిగూర్చి వ్రాసిన “ప్రసార ప్రముఖులు” అను పుస్తకము తెలుగు వికీసోర్సులో ఎవరైనను చదువుకొనునట్లు ఉన్నది. రేడియో కార్యక్రమములను ముందుగా తెలియజేయుటకు ప్రభుత్వము వారు అచ్చువేసిన “ఇండియన్ లిజనర్” సంచికలు అనేకము అంతర్జాలములో దొరకుచున్నవి. తెలుగులో “వాణి” అను పత్రిక అదే పని చేసెడిది. ఏ దినమున ఏ గంటకు ఎవరు పాడిరో ఆ పుటలే సాక్ష్యము చెప్పవలెను.

అయితే ఇక్కడనే మనము పొరపడరాదు. అంతర్జాలములో పెట్టితిమి గనుక శాశ్వతముగా ఉండునని అనేకులు తలంచుచున్నారు. వెబ్‌సైటు అనగా ఎక్కడనో ఒక కంప్యూటరులో అద్దెకు తీసికొనిన కొంత చోటు. దాని పేరునకును ఏటేట రుసుము కట్టవలెను. కట్టువాడు మంచము పట్టవచ్చును, మరణించవచ్చును; పిల్లలకు ఆ పని తెలియకపోవచ్చును. గడువు దాటి కట్టకయే ఉన్నయెడల పుటలు మాయమగును, తుదకు ఆ పేరు ఇతరుల పాలు కావచ్చును. ఒక మనుష్యుడు ఇరువదియేండ్లు కూర్చినది ఒక రసీదు చెల్లనందున పోవును. పెద్ద సంస్థలనైనను నమ్ముకొనుటకు వీలులేదు. జియోసిటీస్ అను చోట లక్షలాది సామాన్యులు తమ సొంత పుటలను ఉచితముగా పెట్టుకొనియుండిరి. దానిని నడుపుచున్న యాహూ వారు 2009 అక్టోబరులో దానిని మూసివేసిరి. కొందరు ముందుగా మేలుకొని నకళ్లు తీసినందున కొంత దక్కినది. మిగిలినది గాలిలో కలిసినది.

మన ఆనకట్ట సంగతియు ఇట్టిదే కదా! దాదాపు నూరేండ్లు నిలిచినది, 1952లో గండిపడినది. మన పెద్దలు గండి పూడ్చి ఊరకుండలేదు. 1957 నాటికి ప్రకాశం బారేజీని కట్టుకొనిరి. కట్టినదానిని కాచుకొనుటయు కట్టుటలో భాగమే. పాత ధ్వనులను భద్రపరచిన వెబ్‌సైట్లను మరల భద్రపరచవలెననుట ఇందువలననే.

ఈ పనికి మార్గము లేకపోలేదు. 1996లో అమెరికాలో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ధర్మసంస్థ లోకమందలి వెబ్ పుటలకు నకళ్లు తీసి దాచుచున్నది. 2001 నుండి వేబ్యాక్ మెషీన్ అను పేరున ఆ నకళ్లను ఎవరైనను చూడవచ్చును. మనము ఒక పుట చిరునామాను ఇచ్చినయెడల దానిని అప్పటికప్పుడే నకలు తీయుటయు కలదు. అయితే పుటలోని అక్షరములు పట్టుబడినంత సులువుగా శబ్దములును, కదలు బొమ్మలును పట్టుబడవు. కావున ధ్వనిని వేరుగా దాచవలెను.

చదువరీ, నీవు ఏమి చేయగలవు? మొదటిది, ఇంటిలోని పెట్టెను ఒకసారి తెరచి చూడుము. పాత క్యాసెట్టు, రేడియో లైసెన్సు పుస్తకము, “వాణి” సంచిక, తాతగారికి కేంద్రమునుండి వచ్చిన ఉత్తరము—ఇవి చెత్త కావు. రెండవది, పాత టేపును తొందరపడి తిప్పకుము; తెలిసినవారి చేతికిమ్ము. మూడవది, దొరికినదానిమీద ఎవరి గొంతు, ఏ కేంద్రము, ఏ యేడు అని వ్రాసియుంచుము. పేరులేని గొంతు అనాథయగును. నాలుగవది, ఒక్కచోట దాచవద్దు. ఇంటిలో ఒకటి, దూరపు ఊరిలో బంధువులయొద్ద ఒకటి, ఒక గ్రంథాలయమునకు గాని ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థకు గాని ఒకటి ఇమ్ము. అయిదవది, పరుల సొత్తును గౌరవింపుము. మన దేశ చట్టము ప్రకారము ప్రసారముమీద ప్రసార సంస్థకు 25 యేండ్లును, ధ్వనిముద్రణమీద దాని యజమానికి 60 యేండ్లును హక్కు కలదు. రచయిత హక్కు ఆయన మరణానంతరము 60 యేండ్ల వరకు నిలుచును. దాచుటకును, అందరికి పంచుటకును భేదమున్నది. పంచుటకు ముందు అనుమతి అడుగుట మర్యాద.

ఆరవది అన్నిటికంటె సులువైనది, అన్నిటికంటె తొందర గలది. మీ యింటిలో దివిసీమ ఉప్పెననాటి రేడియో మాటను వినిన పెద్దలున్నయెడల, వారియొద్ద కూర్చుండి ఏమి వింటిరో అడిగి, వారు చెప్పినది చెప్పినట్లే వ్రాసికొనుము. తారీఖు వేయుము. దీనికి యంత్రము అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. ఒక కాగితమును, ఒక సాయంకాలమును చాలును. వచ్చే వారమునకు వాయిదా వేయవద్దు.